వ్యాపారవ్యూహ వాఙ్మయమున నష్టభయ విచారము: హోండా వృత్తాంతము

వ్యాపారపాఠశాలలలో బోధింపబడు విద్యకు మూలాధారములు సిద్ధాంతగ్రంథములు కావు. కేసులని పేరొందిన వృత్తాంతపాఠములు. ఒక కంపెనీ ఒకానొక సమయమున ఎదుర్కొనిన చిక్కును పది యిరువది పుటలలో వర్ణించి, ఆ కంపెనీ యధికారి స్థానమున నిలిచి నిర్ణయము చెప్పుమని విద్యార్థి నడుగుట యీ పద్ధతి. 1870లో హార్వర్డు న్యాయపాఠశాలయందు లాంగ్డెల్ ఆరంభించిన తీర్పుల పఠనమే దీనికి మాతృక. 1908లో నెలకొన్న హార్వర్డు వ్యాపారపాఠశాలకు 1919లో అధిపతియైన వాలెస్ డోనమ్ న్యాయశాస్త్రము చదివినవాడగుటచే ఆ బోధనాక్రమమును వాణిజ్యమునకు తెచ్చెను. భారతదేశమున 1961లో ఏర్పడిన అహమ్మదాబాదు సంస్థ హార్వర్డు సహకారముతో దానిని స్వీకరించినది. తరువాత బెంగుళూరులోను, హైదరాబాదులోను అట్టి విద్యాలయములు వెలసినవి. తెలుగునాటి యువకులు, ఇతర రాష్ట్రములందు తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల యువకులు అనేకులు నేడు ఈ కేసులు చదివియే కంపెనీల కొలువులలో ప్రవేశించుచున్నారు. కనుక ఈ పాఠముల ప్రామాణ్యమెట్టిదో విచారించుట అనవసరపు పని కాదు.

న్యాయశాస్త్రపు కేసునకును వాణిజ్యపు కేసునకును ఒక ముఖ్యభేదము కలదు. న్యాయస్థానపు తీర్పు బహిరంగపత్రము. వాది ప్రతివాదు లిరువురి మాటలును అందు నమోదగును. ఓడినవాని వాదము సయితము అందు చదువ లభించును. వాణిజ్యవృత్తాంత మట్టిది కాదు. అది సాధారణముగా కార్యము ముగిసిన పిమ్మట, కంపెనీ యనుమతితో, కంపెనీవారి నోట విని వ్రాయబడును. వెనుకటి తెలుగు వర్తకుని కొట్టులో రెండు పుస్తకము లుండెడివి. ఏనాటి జమాఖర్చు లానాడు వ్రాసినది చిట్టా. దానినుండి పేరు పేరు వరుసను దింపి లెక్క తేల్చినది ఆవర్జా. చిట్టా వ్రాయునాటికి తుదకు మిగులునది లాభమో నష్టమో వర్తకునికే తెలియదు. నష్టభయ మను మాటకు అర్థముండునది ఆ తెలియని దశయందే. వ్యూహమును గూర్చిన కేసులు చిట్టాలుగా నుండవలసినవి. కాని వానిలో పెక్కు ఆవర్జాను ముందు పెట్టుకొని తిరిగి వ్రాసిన చిట్టాలు.

ఈ దోషము ఎంత లోతైనదో తెలియుటకు హోండా మోటారుసైకిలు వృత్తాంతము మంచి నిదర్శనము. ఒకే సంఘటననుండి పరస్పరవిరుద్ధములగు రెండు పాఠములు పుట్టి, రెండును తరగతి గదులలో స్థానము సంపాదించినవి.

కథాశరీరము క్లుప్తముగా నిది. సోయిచిరో హోండా 1948లో కంపెనీని స్థాపించెను. మరుసటి యేట తకెయో ఫుజిసావా వచ్చి చేరెను. యంత్రశాల మొదటివానిది, అమ్మకము, ధనవ్యవహారము రెండవవానిది. 1954లో కంపెనీ దివాలా యంచునకు పోయి బ్యాంకు సహాయముతో బయటపడినది. 1958లో సూపర్ కబ్ అను 50 సీసీల చిన్నబండి విడుదలయ్యెను. క్లచ్చు పట్టీ లేకుండ, ఒక చేత ఆహారపు పళ్ళెములు పట్టుకొని రెండవ చేత నడుపుకొనుటకు వీలైన బండి యది. జపాను వీధులలో భోజనము ఇంటింటికి అందజేయు కుర్రవాండ్ర నుద్దేశించినది. 1959లో కంపెనీ అమ్మిన 2,85,000 బండ్లలో 1,68,000 ఈ రకమువే. ఆ సంవత్సరమే లాస్ ఏంజెలిస్ నగరమున అమెరికను హోండా కంపెనీ తెరవబడినది. 1964 నాటికి అమెరికాలో అమ్ముడుపోవు ప్రతి రెండు మోటారుసైకిళ్ళలో ఇంచుమించు ఒకటి హోండా. 1959లో ఆ దేశపు దిగుమతులలో 49 వంతులు నూటికి దక్కించుకొనిన బ్రిటిషు కంపెనీలు 1973 నాటికి 9 వంతులకు దిగజారినవి.

ఇట్లేల జరిగినదను ప్రశ్నకు మొదటి ప్రత్యుత్తరము బోస్టను కన్సల్టింగు గ్రూపువారిది. బ్రిటిషు ప్రభుత్వము కోరగా వారు 1975 జూలైలో ఒక నివేదిక సమర్పించిరి. ఆ సలహాదారుల ప్రధానసిద్ధాంతము అనుభవరేఖ: ఒక వస్తువును ఎన్ని ఎక్కువ మార్లు తయారు చేసిన అంతగా దాని ఖర్చు తగ్గును. జపాను కంపెనీలు స్వదేశమున చిన్నబండ్లను లక్షలకొలది తయారుచేసి, ఖర్చు తగ్గించుకొని, ఆ బలముతో అన్యదేశముల కేగినవనియు, బ్రిటిషు కంపెనీలు చిన్నబండ్ల తరగతిని వదలి పెద్దబండ్లకు, అందుండి ఇంకను పెద్దవానికి వెనుకంజ వేసినవనియు ఆ నివేదిక తేల్చినది. ప్రతి వెనుకంజయు ఆ సంవత్సరపు లాభమును చూచిన యెడల సమంజసముగనే కనబడినదనుట ఇందలి సూక్ష్మమైన పరిశీలన. హార్వర్డులో వ్రాయబడిన పాఠము లీ యంకెలను, ఈ తర్కమును గ్రహించినవి. విద్యార్థులకు దక్కిన బోధ యేమనగా: హోండా కంపెనీ దూరదృష్టితో పథకము రచించి, అంచెలంచెలుగా దానిని నెరవేర్చినది.

రెండవ ప్రత్యుత్తరము స్టాన్‌ఫర్డు ఆచార్యుడగు రిచర్డు పాస్కేల్‌ది. 1982 సెప్టెంబరులో అతడు టోక్యో నగరమునకు పోయి, 1959నాటి అమెరికా యాత్రకు బాధ్యులైన ఆర్గురు అధికారులను కలిసికొని వారి జ్ఞాపకములను సేకరించెను. 1984లో కాలిఫోర్నియా మేనేజిమెంటు రివ్యూలో ప్రకటించిన వ్యాసమున అవి కథగా వెలువడినవి. ఆ కథలో పథకమెచ్చటను గానరాదు. యాత్రానాయకుడు కవాషిమా చెప్పినదాని ప్రకారము, ఏదైన అమ్మగలమేమో చూతమను తలంపు తప్ప వారికి వేరు వ్యూహము లేదు. జపాను ధనశాఖ అనుమతించినది 2,50,000 డాలర్లు. అందు రొక్కముగా తీసికొనిపోదగినది 1,10,000 మాత్రమే, తక్కినది సరకు రూపమున. నెలకు 80 డాలర్ల అద్దెయింట అందరు కలిసి యుండి, కొందరు నేలపై పరుండిరి. అమెరికనులకు పెద్దబండ్లే నచ్చునని 250, 305 సీసీల బండ్లను ముందుంచిరి. అక్కడివారు దూరము పోదురు, వేగముగా పోదురు. జపాను వీధులకు తగిన యా యంత్రములు నూనె కార్చి, క్లచ్చులు చెడి, వరుసగా మూలబడినవి. ఇంతలో తమ సొంత పనులకై ఆ యుద్యోగులు నగరములో నడుపుకొనుచుండిన సూపర్ కబ్ బండ్లు జనుల కంటబడినవి. సియర్స్ వారి కొనుగోలుదారు డొకడు వానిని గూర్చి ఫోను చేసెను. పెద్దబండ్లు చెడిపోయి వేరుగతి లేకపోవుటచే చిన్నబండ్లను అమ్మకమునకు పెట్టిరి. 1963లో పేరు మ్రోగిన ప్రకటనల యూహ సయితము కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థి యొకడు తరగతి కొరకు వ్రాసిన పనినుండి వచ్చినదే.

ఈ రెండవ కథ చదువుటకు సొంపైనది. మాంట్రియల్ ఆచార్యుడు హెన్రీ మింట్‌జ్‌బర్గు దీనిని చేపట్టి, వ్యూహము గదిలో కూర్చుండి రచింపబడునది కాదు, పనిలో దిగినపిమ్మట నేర్చుకొనబడునది యను తన వాదమునకు ధ్వజముగా నెత్తెను. దిగినగాని లోతు తెలియదను తెలుగు సామెతయు నిదియే గదా. ఇందుకు ప్రత్యుత్తరముగా, 1975నాటి నివేదిక రచయితలలో నొకడగు మైకేల్ గూల్డ్ 1992లో ఒక వ్యాసము వ్రాసెను. తాము చరిత్ర వ్రాయలేదనియు, మునుగుచున్న బ్రిటిషు పరిశ్రమ ఇప్పుడేమి చేయవలెనను ప్రశ్నకు బదులు చెప్పితిమనియు, యాదృచ్ఛికముగా ప్రయత్నించి చూడుడని ఆ స్థితిలో చెప్పిన ప్రయోజనముండదనియు అతని సమాధానము. 1996లో అదే పత్రికలో ఉభయపక్షములును తిరిగి తలపడినవి. 1999లో ఆండ్రూ మేర్ అను పరిశోధకుడు ఈ వ్యాఖ్యానముల నన్నింటిని తూచి, ప్రతివారును తమ సిద్ధాంతమునకు సరిపోవు తునకను మాత్రమే హోండానుండి తీసికొనిరని చూపెను.

మేర్ విమర్శ న్యాయమైనది. అయినను ఈ వాదమంతటను ఒక ప్రశ్న తగినంతగా విచారింపబడలేదు: హోండా కంపెనీ దేనిని పణముగా నొడ్డినది? ఓడిన యెడల ఏమి పోయెడిది? నష్టభయమును గూర్చిన పాఠమున మొదట అడుగవలసినది ఇదియే.

అమెరికా యాత్రను తీసికొనుడు. ఏటికి రెండు లక్షల యెనుబదియైదువేల బండ్లు అమ్ముకొను కంపెనీ పంపినది రెండున్నర లక్షల డాలర్లు. అనగా బండి యొక్కింటికి ఒక డాలరైనను పడలేదు. ఆ మొత్తమంతయు పసిఫిక్ సముద్రమున కలిసినను కంపెనీ కొంప మునిగెడిది కాదు. నేలపై పరుండిన యుద్యోగుల కష్టము నిజమే; పరువునకు కలుగు నష్టమును నిజమే. కాని కంపెనీ ప్రాణము ఆ యాత్రతో ముడిపడియుండలేదు. సుజుకా మాట వేరు. 1960లో పూర్తియైన ఆ కర్మాగారము నెలకు 30,000 సూపర్ కబ్ బండ్లు తయారుచేయుటకు కట్టబడినది. కిందటి సంవత్సరపు అమ్మకమును పండ్రెండు నెలలకు పంచిన నెలకు 14,000 మాత్రమే. అనగా ఉన్న అమ్మకమునకు రెట్టింపుకు మించిన శక్తి గల కర్మాగారమును, ఆరేండ్లకు ముందే దివాలా యంచు చూచివచ్చిన కంపెనీ నిర్మించినది. ఈ పందెము ఓడిన యెడల హోండా పేరు నేడు ఎవరికిని తెలిసియుండెడిది కాదు.

ఇట్లు విడదీసి చూచిన, సలహాదారులకును పాస్కేల్‌కును గల విరోధము చాలవరకు సడలిపోవును. నివేదికలోని అనుభవరేఖ వర్ణించునది సుజుకాను; పాస్కేల్ కథ వర్ణించునది లాస్ ఏంజెలిస్‌ను. మొదటిది ఎంచి వేసిన పెద్దపందెము, రెండవది పోయినను భరింపదగిన చిన్నపందెము. ఇంట నుండిన చిన్నబండి బలమే అమెరికాలో తడబడుటకు వారి కవకాశమిచ్చినది. పెద్దబండ్లు చెడినప్పుడు చేతిలో మరియొక సరకు, అదియు జపానులో గెలిచిన సరకు, సిద్ధముగా నుండెను. తడబాటును తట్టుకొను శక్తి లేనివాడు పాస్కేల్ కథ చదివి అట్లే తడబడిన, వానికి సియర్స్ వారి ఫోను వచ్చుదాక అద్దె చెల్లుట కష్టము. తరగతి గదిలో ఈ రెండు పందెములకును నడుమ గీత గీయకపోవుటచే, పథకమా యదృష్టమా యను వినోదకరమైన చర్చ జరిగినది గాని, ఎంత సొత్తుకు ఎంత సాహసము తగునను చర్చ వెనుకబడినది.

రెండవ లోపము సాక్షులను గూర్చినది. 1950లలో జపానులో మోటారుసైకిళ్ళు తయారుచేయు కంపెనీలు రెండువందలకు పైబడి యుండెననియు, తుదకు నాలుగే మిగిలెననియు అందరును వ్రాయుదురు. ఆ దశాబ్దపు నడుమ హోండాకు దీటుగా నిలిచిన తోహత్సు 1964లో దివాలా తీసినది. ఆ కంపెనీల యధికారులును ధైర్యవంతులే, ప్రయోగములు చేసినవారే, నేలపై పరుండినవారును వారిలో నుండకపోరు. వారిని ఒక గదిలో కూర్చుండబెట్టి జ్ఞాపకములు సేకరించిన కేసు పేరు పొందలేదు. గెలిచినవాని తడబాటు వినయముగాను, ఓడినవాని తడబాటు తెలివితక్కువతనముగాను కనబడుట లోకసహజము. లోకసహజమైన దానిని సవరించుటకే గదా శాస్త్రము.

పాస్కేల్ విన్న సాక్ష్యమునకు ఇరువదిమూడేండ్ల వయసు. చెప్పినవారు విజయమునకు పాత్రులైన పెద్దలు. తాము పథకము లేకయే గెలిచితిమని చెప్పుకొనుట వారికి గౌరవభంగము కాదు, గౌరవవర్ధకము. వారు అసత్యమాడిరని యెవరును అనజాలరు. అయినను, ఆ నాటి లెక్కపుస్తకములు, ఉత్తరప్రత్యుత్తరములు ప్రక్కన పెట్టి సరిచూచిననే ఆ జ్ఞాపకములు చిట్టా విలువను పొందును. కంపెనీ తన్నుగూర్చి తాను చెప్పుకొను మాటపై ఆధారపడుట యెంత ప్రమాదకరమో తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. హైదరాబాదు సత్యం కంప్యూటర్సు కంపెనీకి 2008లో ఉత్తమ కంపెనీపాలనకై అంతర్జాతీయ పురస్కారము లభించినది. దాని పాలకమండలిలో హార్వర్డు వ్యాపారపాఠశాల ఆచార్యు డొకడును, హైదరాబాదు వ్యాపారపాఠశాల అధిపతియు సభ్యులుగా నుండిరి. 2009 జనవరి 7న కంపెనీ యధ్యక్షుడే, లెక్కలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని లేఖ వ్రాసెను. తన స్థితిని పులిస్వారితో పోల్చుకొనెను. ఆవర్జాయే కల్పితమైనచోట ఎంతటి పండితునికైనను చేతికందునది కల్పనయే. హోండాకును సత్యమునకును పోలిక లేదు. ఒకటి బండ్లు చేసి అమ్మినది, మరియొకటి లేని ధనమును లెక్కలలో చూపినది. పోలిక ఉన్నది చదువరి స్థితియందు. రెండుచోట్లను అతడు చదువునది కంపెనీ చెప్పుకొనిన మాటయే.

మూడవ విషయము మరింత బరువైనది. 1975నాటి నివేదిక తరగతి గది కొరకు వ్రాయబడినది కాదు. బ్రిటిషు మోటారుసైకిలు కర్మాగారములకు ప్రజాధనము ఇచ్చుటయా, మానుటయా యను నిర్ణయమునకై వ్రాయబడినది. నార్టన్ విలియర్స్ ట్రయంఫ్ అను సమష్టి కంపెనీ 1973లో ఏర్పడి, ఆ సంవత్సరమే మెరిడెన్ గ్రామమందలి ట్రయంఫ్ కర్మాగారమును మూయనెంచగా, కార్మికులు లోపల బైఠాయించి దానిని విడువరైరి. 1975లో సహకార సంఘముగా ఏర్పడి తామే నడుప మొదలిడిరి. నివేదిక అందిన మరుసటి నెలలోనే ప్రభుత్వము ఆ సమష్టి కంపెనీకి ఇక ధనము ఈయజాలనని ప్రకటించినది. మెరిడెన్ సంఘము 1983 వరకు ప్రాకులాడి మూతబడినది. ఒక పరిశ్రమకు మరణపత్రమువలె నుపయోగపడిన పత్రము, ఆ పిమ్మట మరియొక కంపెనీ జయగాథగా విద్యార్థుల చేతికి వచ్చినది. అందులోని నష్టభయ మెవరిది? పెట్టుబడిదారునిది కొంత; వేలకొలది కార్మికుల కుటుంబములది అంతకు మించినది. కేసులో విద్యార్థి నిలువవలసిన స్థానము ఎల్లప్పుడును అధికారి స్థానమే యగుటచే, పనివాని పక్షపు నష్టభయము ప్రశ్నలలోనికే రాదు. ఇది హోండా కేసునకు మాత్రమే చెందిన దోషము కాదు, పద్ధతికే చెందినది.

బ్రిటిషు మోటారుసైకిలు కథ అంతటితో ముగిసినదని ఆ పాఠములు చదివినవారు తలంతురు. కాని దాని శాఖ యొకటి చెన్నపట్టణమున మిగిలినది. 1955లో మద్రాసు మోటార్సువారు ఇంగ్లండునందలి రెడిచ్ నగరపు రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డు ఇండియాను నెలకొల్పి, సైన్యమునకు కావలసిన 350 సీసీల బుల్లెట్ బండ్లను బిగించి యిచ్చుట మొదలిడిరి. తరువాత తిరువొత్తియూరు కర్మాగారమున విడిభాగములతో సహా తయారుచేసిరి. 1967లో రెడిచ్ కర్మాగారమును, 1970లో ఇంగ్లండునందు మిగిలిన తుదిశాలయు మూతబడినవి. నివేదికలోని తర్కము ప్రకారము చావవలసిన బండి తిరువొత్తియూరులో బ్రతికినది. 1977లో అదే బండి మద్రాసునుండి ఇంగ్లండుకు ఎగుమతి యయ్యెను.

దీనిని చూపి అనుభవరేఖ అబద్ధమనుట తొందరపాటు. దిగుమతులకు తలుపులు మూసిన దేశములో, సైన్యము, పోలీసుశాఖ కొనుగోలుదారులుగా నున్నచోట, జపాను బండితో తలపడు నవసరమే ఆ కంపెనీకి చిరకాలము కలుగలేదు. పోటీ వచ్చినప్పుడు దానికిని ప్రాణము మీదికి వచ్చినది. 1994లో ఐషర్ వారి చేతికి పోయి, 2000 ప్రాంతమున మూసివేత మాట సయితము విన్నది. ఆ పిమ్మట చిన్నబండ్ల వెంట పరువిడక, పాతకాలపు పెద్దబండినే మెరుగుపరచి నిలద్రొక్కుకొనినది. 1975లో సలహాదారులు బ్రిటిషువారి దోషముగా నెంచినది పెద్దబండ్లకు తగ్గిపోవుట. మద్రాసులో ఆ తరగతియే జీవనాధారమైనది. ఆ నాటి సలహా తప్పని దీనివలన తేలదు. అది ఏ విపణికి, ఏ కాలమునకు, ఎంత పెట్టుబడికి చెప్పబడినదో ఆ హద్దులు మాత్రము తేలును. హార్వర్డు పాఠములో ఆ హద్దులు చెరిగిపోయినవి.

తిరువొత్తియూరు కర్మాగారపు తొలి దినముల జమాఖర్చులు, తరతరములుగా తెలుగువారు నివసించు హోసూరు పట్టణమున 1980లో టీవీయస్ వారు మోపెడ్ తయారీకి పూనుకొనిన నాటి పెట్టుబడి లెక్కలు, వానిలో పనిచేసినవారి యనుభవములు ఏ మేరకు నిలిచియున్నవో వెదకి కూర్చిన యెడల, అధికారి మాట యొక్కటే గాక మేస్త్రీ మాటయు, అప్పిచ్చిన బ్యాంకు మాటయు, అమ్మిపెట్టిన ఏజెంటు మాటయు గల కేసు లేర్పడును. అట్టి కేసు నిర్ణయపు దినముననే ఆగిపోవలెను. తరువాత నేమైనదో విద్యార్థికి మరియొక కాగితమున, మరియొక దినమున ఈయవలెను. చెన్నైలోను, బెంగుళూరులోను ఈ విద్య నభ్యసించు తెలుగు పరిశోధకులకు ఆ రెండు పట్టణములును ఒక పూట ప్రయాణపు దూరములోనే యున్నవి.